చూడని మనిషి కోసం శోకం: బహిరంగ సంతాపంపై ఒక సమీక్ష

ప్రశ్న, దాని పరిధి

ఒక నాయకుడో నటుడో గాయకుడో కవో చనిపోయినప్పుడు, వాళ్లను ఒక్కసారైనా ఎదురుగా చూడని లక్షలమంది దుఃఖపడతారు. కొందరు పని మానుకుని బస్సెక్కి వెళ్లి చివరిచూపు కోసం గంటల తరబడి వరసలో నిలబడతారు. కొందరు ఇంట్లో టీవీ ముందే కళ్లు తుడుచుకుంటారు. ఊరి కూడలిలో ఫ్లెక్సీ వెలుస్తుంది, ఫొటోకు దండ పడుతుంది, పెద్దకర్మ నాడు అన్నదానం జరుగుతుంది. సొంతవాళ్లు పోయినప్పుడు చేసే పనుల్లో చాలా భాగం పరాయి మనిషి కోసం జరిగిపోతాయి. బహిరంగ సంతాపం అన్న మాట ఇక్కడ ఈ మొత్తానికీ వర్తిస్తుంది.

దీని మీద వందేళ్లుగా చర్చ సాగుతోంది. అయినా అది చిక్కుబడే ఉంది. మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే అందుకు కారణం. ఆ దుఃఖం నిజమైనదేనా అన్నది మొదటిది. దాన్ని ఎవరు ఎలా వాడుకుంటారన్నది రెండోది. ఏడ్చేవాళ్ల గురించి అది ఏం చెబుతుందన్నది మూడోది. మొదటి ప్రశ్న దగ్గరే వాదన ఆగిపోతే మిగతా రెండూ మరుగున పడతాయి. మూడింటినీ విడదీసి చూస్తే, పోయినవాళ్ల గొప్పతనం కన్నా ఉన్నవాళ్ల అవసరాలు, ఆశలు, వివక్షలే సంతాపంలో ఎక్కువగా బయటపడతాయని అర్థమవుతుంది.

చరిత్ర: రాజు నుంచి తార దాకా

పాత కాలంలో ఊరంతా పాటించే సంతాపం ప్రధానంగా రాజుకు, మతగురువుకు దక్కేది. చరిత్రకారుడు ఎర్న్‌స్ట్ కాంటొరోవిచ్ 1957లో వెలువరించిన గ్రంథంలో మధ్యయుగ ఐరోపా రాజుకు రెండు దేహాలు ఉండేవని వివరించాడు. చనిపోయేది మనిషి దేహం, కొనసాగేది రాజ్యమనే దేహం. అంత్యక్రియల తంతు ఆ రెంటినీ విడదీసి, అధికారం ఆగలేదని జనానికి చూపించేది.

రైలు, తంతి, వార్తాపత్రిక వచ్చాక సంతాపం పరిధి మారింది. 1865 ఏప్రిల్‌లో అబ్రహాం లింకన్ హత్య తర్వాత ఆయన భౌతికకాయాన్ని వాషింగ్టన్ నుంచి ఇల్లినాయిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు రైల్లో తీసుకెళ్లారు. దారిలో నగరం తర్వాత నగరం ఆగి నివాళి అర్పించింది. అంతర్యుద్ధంతో చీలిన దేశంలో కనీసం ఉత్తరాది రాష్ట్రాలు ఒకే దుఃఖాన్ని ఒకేసారి అనుభవించగలిగాయి.

భారతదేశంలో ఇలాంటి ఘట్టం 1948 జనవరి 30న గాంధీ హత్య. ఆయన అస్థికలను దేశం నలుమూలలకూ పంపి ఫిబ్రవరి 12న అనేక నదుల్లో కలిపారు. హంతకుడు బ్రాహ్మణుడు కావడంతో మహారాష్ట్రలో బ్రాహ్మణులపై దాడులు జరిగాయి. ఆర్‌ఎస్‌ఎస్‌ను ప్రభుత్వం నిషేధించింది. దేశవిభజన హింసతో తడబడుతున్న కొత్త ప్రభుత్వం ఈ సంతాప క్రమం ద్వారానే నిలదొక్కుకుందని చరిత్రకారిణి యాస్మిన్ ఖాన్ వాదించారు.

ఆ తర్వాత దక్షిణాదిలో సినిమా ఈ చరిత్రకు కొత్త మలుపు ఇచ్చింది. 1969లో తమిళనాడు ముఖ్యమంత్రి, సినీరచయిత అన్నాదురై అంతిమయాత్రకు కోటీ 50 లక్షలమంది వచ్చారని గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. 1987 డిసెంబరులో ఎం.జి.రామచంద్రన్ (ఎంజీఆర్) మరణం తమిళనాడును అల్లకల్లోలం చేసింది. 1996 జనవరి 18న హైదరాబాద్‌లో ఎన్‌.టి.రామారావు కన్నుమూశారు. నాయకుడు, తార ఒకే మనిషిగా ఉన్నచోట, ఓటు వేసినవాళ్ల శోకం, టికెట్టు కొన్నవాళ్ల శోకం విడదీయలేనంతగా కలిసిపోయాయి.

తెలుగు నేల మీద నాలుగు తీరులు

తెలుగువారి అనుభవంలో బహిరంగ సంతాపం ఒకే తీరుగా లేదు. కనీసం నాలుగు తీరులు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది, *డిమాండ్‌గా మారిన శోకం*. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్ష మొదలుపెట్టిన పొట్టి శ్రీరాములు డిసెంబరు 15 రాత్రి మరణించారు. మర్నాటి నుంచి కోస్తా జిల్లాల్లో జనం వీధుల్లోకి, రైల్వే స్టేషన్లలోకి వచ్చారు. నెల్లూరు తదితర చోట్ల పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. డిసెంబరు 19న నెహ్రూ రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఇక్కడ సంతాపానికీ ఆందోళనకూ మధ్య గీత గీయడం సాధ్యం కాదు.

రెండోది, *వారసత్వంగా మారిన శోకం*. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి నల్లమలలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఇడుపులపాయలో అంత్యక్రియలు జరిగాయి. ఆ వార్త తట్టుకోలేక గుండె ఆగినవారు, ప్రాణాలు తీసుకున్నవారు వందల్లో ఉన్నారని పత్రికలు రాశాయి. ఆ లెక్కను ప్రత్యర్థులు ప్రశ్నించారు. ఆ కుటుంబాలను పరామర్శించేందుకు 2010లో రాజశేఖరరెడ్డి కుమారుడు జగన్‌మోహన్ రెడ్డి చేపట్టిన ఓదార్పు యాత్ర కాంగ్రెస్ అధిష్ఠానంతో విభేదాలకు కారణమైంది. 2011లో కొత్త పార్టీ పుట్టింది. చావు జరిగిన ఇంటికి వెళ్లి పలకరించడమన్న పల్లె ఆచారం రాష్ట్రవ్యాప్త రాజకీయ కార్యక్రమం అయింది.

మూడోది, *ఆలస్యంగా వచ్చిన శోకం*. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణించిన మాజీ ప్రధాని పి.వి.నరసింహారావు అంత్యక్రియలు అక్కడ కాక హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. సొంత పార్టీ ఆయనకు తగిన గౌరవం ఇవ్వలేదన్న విమర్శ చాలాకాలం నిలిచింది. పదిహేనేళ్ల తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఆయన శతజయంతిని ఏడాది పొడవునా జరిపింది. 2024లో భారతరత్న వచ్చింది. మనిషి మారలేదు, ఆయన నిర్ణయాలూ మారలేదు. ఆయన అవసరం పడ్డవాళ్లు మారారు.

నాలుగోది, *గొంతు కోసం శోకం*. 2020 సెప్టెంబరు 25న ఎస్‌.పి.బాలసుబ్రహ్మణ్యం చెన్నై ఆసుపత్రిలో కన్నుమూశారు. కరోనా ఆంక్షల వల్ల జనం గుమిగూడే వీలు లేదు. అంతకు నెల ముందు ఆయన కోలుకోవాలని సినీరంగంవారు, శ్రోతలు ఒకే సాయంత్రం ఎవరి ఇళ్లలో వాళ్లు ఆయన పాటలు పెట్టుకుని ప్రార్థించారు. 2023 ఆగస్టు 6న ప్రజాగాయకుడు గద్దర్ మరణించినప్పుడు మాత్రం హైదరాబాద్ ఎల్‌.బి.స్టేడియంలో భౌతికకాయాన్ని ఉంచారు. ఆయన పాటలే పాడుతూ జనం అల్వాల్ దాకా నడిచారు. ఒకటి ఇళ్లలో, మరొకటి వీధిలో. రెండుచోట్లా పోయిన గొంతును బతికున్నవాళ్ల చెవులూ గొంతులూ నిలబెట్టుకున్నాయి.

ప్రధాన వాదధోరణులు

*సమాజమే ఏడుస్తుందనే ధోరణి.* ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దర్కైమ్ 1912లో చెప్పిన ప్రకారం, శోకం మనిషి లోపలినుంచి తనంతట తానే పొంగుకొచ్చే భావం మాత్రమే కాదు. అది సమూహం తన సభ్యులపై పెట్టే బాధ్యత. ఒక మనిషిని కోల్పోయిన సమూహం బలహీనపడ్డట్టు భావిస్తుంది. అందరూ కలిసి దుఃఖించడం ద్వారా మళ్లీ బలం తెచ్చుకుంటుంది. పల్లెలో ఎవరు పాడె మోశారు, ఎవరు పలకరింపుకు రాలేదు అన్నవి ఏళ్ల తరబడి గుర్తుండటం ఈ వాదానికి దగ్గరి ఉదాహరణ. ఈ ధోరణి ఏడుపులోని కలివిడితనాన్ని బాగా వివరిస్తుంది. కానీ ఒంటరిగా గదిలో కూర్చుని ఏడ్చే అభిమాని గురించి అది చెప్పేది తక్కువ.

*మనసులోని బంధం అనే ధోరణి.* ఫ్రాయిడ్ 1917లోనే ఒక కీలకమైన మాట చెప్పాడు. మనిషి పోయినప్పుడే కాదు, దేశం, స్వేచ్ఛ, ఆదర్శం వంటివి పోయినా శోకం కలుగుతుందన్నాడు. ప్రముఖుల మరణంలో ఈ రెండూ కలుస్తాయి. 1956లో హార్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు టీవీ చూసేవారికి తెర మీది మనిషితో ఏర్పడే ఏకపక్ష సాన్నిహిత్యాన్ని వర్ణించారు. చూసేవారికి అది స్నేహమే, కనిపించేవారికి ఆ సంగతే తెలియదు. ఎన్టీఆర్‌ను అన్నగారు అని, వై.ఎస్‌.ను రాజన్న అని, గద్దర్‌ను గద్దరన్న అని పిలుచుకున్న చోట ఈ బంధం చుట్టరికం రూపమే తీసుకుంది. ఒక పాట విని పెళ్లి చేసుకున్నవారికి, ఒక పథకంతో బిడ్డకు ఆపరేషన్ చేయించుకున్నవారికి ఆ చుట్టరికం ఊహ కాదు, తమ జీవితంలో జరిగిన విషయం. పోయేది ఆ మనిషితో పాటు తమ వయసులో ఒక భాగం కూడా. అయితే ఒకే పాట విన్నవారిలో ఒకరు కుంగిపోయి మరొకరు మామూలుగా ఎందుకు ఉంటారో ఈ ధోరణి పూర్తిగా చెప్పలేదు.

*అధికారం అల్లిన శోకం అనే ధోరణి.* జెండా సగానికి దించడం, అధికారిక సంతాప దినాలు, పోలీసు లాంఛనాలు, స్మారకం, విగ్రహం: వీటన్నిటి వెనకా ఒక నిర్ణయం ఉంటుంది. ఎం.ఎస్‌.ఎస్‌.పాండ్యన్ 1992లో ఎంజీఆర్‌పై రాసిన పుస్తకం ఈ దారిలో ముఖ్యమైనది. పేదలకు పెద్దగా మేలు చేయని పాలనకు పేదలే ఎందుకు అంత అండగా నిలిచారని ఆయన అడిగారు. తెర మీది రూపమే దానికి మూలమని చూపారు. తెలుగు సినిమా అభిమానులపై పరిశోధించిన ఎస్‌.వి.శ్రీనివాస్ మరో కోణం చూపారు. అభిమాని గుడ్డి భక్తుడు కాడు, తారను ప్రశ్నించే, తార మీద హక్కు చూపించే మనిషి అన్నది ఆయన పరిశీలన. ఈ రెంటినీ కలిపి చదివితేనే బొమ్మ పూర్తవుతుంది.

*ఎవరి చావుకు విలువ అనే ధోరణి.* అమెరికన్ తత్వవేత్త జూడిత్ బట్లర్ 2004 నుంచి రాసిన గ్రంథాల్లో, ఏ ప్రాణం పోతే సమాజం దుఃఖిస్తుంది, ఏది పోతే పట్టించుకోదు అన్న తేడానే రాజకీయమని వాదించారు. 1996లోనే రెండు మరణాలు ఈ తేడాను చూపిస్తాయి. జనవరిలో ఎన్టీఆర్ మరణం రాష్ట్రాన్ని కదిలించింది. ఏలూరు దగ్గరి కొవ్వలిలో పుట్టి, పలు భాషల సినిమాల్లో నటించిన సిల్క్ స్మిత సెప్టెంబరు 23న చెన్నైలో మరణించినప్పుడు ఆమె కళ కన్నా ఆమె వ్యక్తిగత జీవితంపై వచ్చిన కబుర్లే ఎక్కువగా నలిగాయి. తెర మీద ఆమెను చూసి ఆనందించిన ప్రేక్షకలోకం ఆమె కోసం బహిరంగంగా దుఃఖించడానికి సిగ్గుపడింది. స్త్రీ, కులం, వృత్తి గురించిన మన కొలతలు ఆ సిగ్గులో ఉన్నాయి.

*మాధ్యమం మలిచిన శోకం అనే ధోరణి.* డానియెల్ దయాన్, ఎలిహు కాట్జ్ 1992లో, టీవీ ప్రసారాల్లో రాజ్యాభిషేకం, మహా అంత్యక్రియలు ఒకే కోవకు చెందుతాయని చూపారు. రోజువారీ కార్యక్రమాలు ఆగిపోతాయి, దేశమంతా ఒకేసారి చూస్తుంది. 1997 ఆగస్టు 31న ప్యారిస్‌లో బ్రిటన్ యువరాణి డయానా చనిపోయాక లండన్‌లో రాజభవనం మీద జెండా అవనతం కాలేదన్న ఆగ్రహం పత్రికల ద్వారా పెరిగింది. చివరికి రాణి ప్రజలనుద్దేశించి మాట్లాడాల్సి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో దుబాయ్‌లో నటి శ్రీదేవి మరణించినప్పుడు కొన్ని వార్తా ఛానళ్లు స్నానాల గది బొమ్మలతో కల్పించిన దృశ్యాలు మరో చివర. మాధ్యమం శోకానికి గొంతు ఇవ్వగలదు, దాన్ని వినోదంగానూ మార్చేయగలదు.

తులనాత్మక సారాంశం

- సమూహ ధోరణి: శోకం కట్టిపడేసే బంధాన్ని చూపుతుంది. విడిగా ఏడ్చేవారిని వదిలేస్తుంది.
- మనోధోరణి: తెలియని మనిషిపై మమకారం ఎలా పుడుతుందో చెబుతుంది. దాని రాజకీయ పర్యవసానాలను తక్కువగా చూస్తుంది.
- అధికార ధోరణి: లాంఛనాల వెనకి లెక్కలను బయటపెడుతుంది. జనం కన్నీళ్లను మోసపోవడంగా కొట్టిపారేసే ప్రమాదం దీనిలో ఉంది.
- అసమానతల ధోరణి: ఎవరి కోసం ఏడవలేదన్నది అడుగుతుంది. ఏడ్చినవారి అనుభవానికి తక్కువ చోటిస్తుంది.
- మాధ్యమ ధోరణి: శోకం వ్యాపించే వేగాన్ని, రూపాన్ని వివరిస్తుంది. మాధ్యమాలు లేని కాలపు శోకాన్ని వివరించలేదు.

ఒకే ఊరు, ఒకే కుటుంబం, రెండు మరణాలు

ఈ ధోరణులను ఒకేచోట పరీక్షించేందుకు బెంగళూరు మంచి ఉదాహరణ. 2006 ఏప్రిల్ 12న కన్నడ నటుడు రాజ్‌కుమార్ మరణించారు. చివరిచూపుకు సరైన ఏర్పాట్లు లేవు. భౌతికకాయాన్ని తరలిస్తుంటే తమకు చూపించకుండా తీసుకుపోతున్నారన్న కోపం గుంపుల్లో పెరిగింది. రాళ్లు, నిప్పు, లాఠీలు, కాల్పులు వచ్చాయి. ఒక పోలీసుతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు.

2021 అక్టోబరు 29న ఆయన కుమారుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో మరణించారు. అంతకన్నా ఆకస్మికమైన మరణం, అంతకు తగ్గని జనం. ఈసారి పోలీసులను ముందే దింపారు, మద్యం అమ్మకాలు ఆపారు. కంఠీరవ స్టేడియంలో భౌతికకాయాన్ని ఉంచి రాత్రీపగలూ దర్శనానికి వీలు కల్పించారు. అమెరికా నుంచి కుమార్తె వచ్చేదాకా ఆగి, 31న ఉదయం తల్లిదండ్రుల సమాధుల పక్కనే అంత్యక్రియలు జరిపారు. నగరం చాలావరకు ప్రశాంతంగా ఉంది. తండ్రిలాగే కొడుకూ కళ్లు దానం చేశారు. ఆ కళ్లతో నలుగురికి చూపు వచ్చింది. ఆ తర్వాత రాష్ట్రంలో నేత్రదానానికి పేరిచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది.

అభిమానులు మూర్ఖులు కాబట్టి హింస జరిగిందన్న వాదం ఈ పోలిక ముందు నిలవదు. చివరిచూపు దక్కితే శోకం వరసలో నిలబడుతుంది. దక్కదన్న భయం కలిగితే వీధిని తగలబెడుతుంది. ఒక మంచి పనికి దారి కనిపిస్తే అటు మళ్లుతుంది. శోకం తీవ్రత ఒకటే అయినా దాని రూపం ఏర్పాట్ల మీద, నమ్మకం మీద ఆధారపడుతుంది.

ఇంకా తేలని అంశాలు

*నిజమెంత, ప్రదర్శన ఎంత.* అండమాన్ దీవులలో ఆచారంగా ఏడ్చే పద్ధతిని మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో వర్ణించినప్పటి నుంచి మానవశాస్త్రంలో ఒక విషయం స్థిరపడింది. ఆచారం ప్రకారం కార్చిన కన్నీరు అబద్ధమని అనలేం. అయినా సామాజిక మాధ్యమాల్లో నిమిషాల్లో వెల్లువెత్తే నివాళులకు ఈ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందన్నది తేలలేదు. అది కొత్త తరం పలకరింపని కొందరంటారు. నలుగురిలో కనిపించాలన్న తాపత్రయమని ఇంకొందరంటారు.

*మరణం వెంట మరణాలు.* ఆత్మహత్య వార్తలకు వచ్చే ప్రచారం మరికొన్నిటికి దారితీస్తుందని సామాజికవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లో చూపారు. ప్రముఖుల మరణం తర్వాత అభిమానుల ఆత్మహత్యలను త్యాగంగా కీర్తించే అలవాటు దక్షిణాది రాజకీయాల్లో, సినిమాల్లో బలంగా ఉంది. ఆత్మహత్యలను గొప్పచేసి, కళ్లకు కట్టినట్టు రాయవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి అమలు చాలాచోట్ల మాటలకే పరిమితం. ఒక నాయకుడి పేరున పోయిన ప్రతి ప్రాణం వెనక ఒక ఇల్లు కూలిపోయిందన్న సంగతి ఆ కీర్తనలో వినపడదు.

*ఎవరి కోసం చనిపోయారని ఎవరు చెప్పాలి.* 1952 డిసెంబరులో కాల్పుల్లో చనిపోయినవారి కథలను పరిశీలించిన పరిశోధకురాలు లీసా మిచెల్ 2009లో ఒక కష్టమైన ప్రశ్న లేవనెత్తారు. వాళ్లంతా భాష కోసం ప్రాణాలిచ్చినవారిగా చరిత్రకెక్కారు. కానీ ఆ రోజు గుంపులో ఉండటానికి అందరికీ కారణం ఒకటి కాదు. సంతాపం చనిపోయినవారికి వాళ్లు చెప్పని మాటలను అంటగడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి పొట్టి శ్రీరాములు పేరు స్థానంలో తెలంగాణ సాహితీవేత్త సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టినప్పుడు రేగిన చర్చ, స్మరణ ఎప్పటికీ ముగిసిన విషయం కాదని చూపింది.

*ప్రభుత్వ లాంఛనాలు ఎవరికి.* రాజ్యాన్ని ఎదిరించి అజ్ఞాతంలో గడిపిన గద్దర్‌కు రాజ్యమే పోలీసు లాంఛనాలు జరపడాన్ని కొందరు గౌరవంగా చూశారు. కొందరు అభ్యంతరం చెప్పారు. మరికొందరు అది ఆ గొంతును మచ్చిక చేసుకోవడమేనన్నారు. మూడింటిలోనూ కొంత నిజముంది.

*విమర్శకు వేళ ఏది.* పోయినవారి గురించి చెడు మాట్లాడకూడదన్న మర్యాద మన దగ్గర బలమైనది. అంత్యక్రియల రోజున ఆ మర్యాద కుటుంబానికి రక్ష. ఏళ్లు గడిచినా అదే మర్యాదను అడ్డుపెడితే పాలకుల తప్పులు ఎన్నటికీ లెక్కకు రావు. ఎప్పటిదాకా ఆగాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

తేలిన మేరకు

ఈ చర్చలో కొన్ని విషయాలు దాదాపు స్థిరపడ్డాయి. తెలియని మనిషి కోసం కలిగే దుఃఖం నకిలీ కాదు. అది ఆ మనిషితో ముడిపడిన తమ బతుకు కోసం, తమ ఆశల కోసం కలిగే దుఃఖం కూడా. అధికారం దాన్ని వాడుకోగలదు గానీ లేనిచోట పుట్టించలేదు. గుంపు పరిమాణం దుఃఖపు లోతుకు కొలత కాదు. 2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి కోసం రాష్ట్రం స్తంభించింది. అక్టోబరు 8న హక్కుల నాయకుడు కె.బాలగోపాల్ మరణించినప్పుడు అంత జనం రాలేదు. కానీ ఆయన పేరున ఏటా జరిగే సంస్మరణ సభల్లో దళితుల భూముల నుంచి ఎన్‌కౌంటర్ల దాకా ఆయన పట్టించుకున్న విషయాలే చర్చకు వస్తున్నాయి. మొదటిదానిలో కనిపించేది జనసంఖ్య, రెండోదానిలో కనిపించేది కొనసాగింపు.

కాబట్టి ఒక సమాజం తన సంతాపాన్ని పరిశీలించుకోవాలంటే, ఎంత ఏడ్చామన్నది చివరగా అడగాల్సిన ప్రశ్న. ఎవరి కోసం ఏడవలేకపోయాం, మన కన్నీళ్లతో ఎవరు ఏం కట్టుకున్నారు, పోయినవారు మొదలుపెట్టిన పనిలో ఏది మనం చేతికి తీసుకున్నాం అన్నవి ముందు అడగాలి. ఈ మూడింటికీ వచ్చే జవాబులే ఆ సమాజం స్వభావాన్ని చెబుతాయి.